నలుగురి సొమ్ము – నలుగురి శిల్పం

ఊరి నడుమ నాలుగు దారులు కలిసే చోట ఒక విగ్రహం ఉంటుంది. బస్సు కోసం ఎదురుచూసేవారు దాని పక్కన నిలబడతారు. ఎండవేళ పండ్ల బండి దాని నీడలో ఆగుతుంది. కొత్తగా వచ్చినవారికి "ఆ బొమ్మ దగ్గర దిగండి" అని మనం గుర్తు చెబుతాము. ఇట్లా ప్రతిదినం కంటబడే శిల్పాన్ని చూసినప్పుడు మనకు రెండు ప్రశ్నలు తోచడం సహజం. ఈ విగ్రహం ఎవరిది? దీనిని ఎవరు చేశారు? మూడవ ప్రశ్న ఒకటి ఉన్నది. దాన్ని చాలామంది అడగరు. దీనికి డబ్బు ఎవరు ఇచ్చారు?

ఈ మూడవ ప్రశ్నకు వచ్చే జవాబును బట్టి ఆ శిల్పం ఊరివారికి ఆత్మీయం అవుతుందా, అడ్డుగా మిగులుతుందా అన్నది చాలావరకు తేలిపోతుంది. ఈ పాఠంలో ఆ సంగతి తెలుసుకుందాం.

బహిరంగ శిల్పం

ప్రదర్శనశాలలో ఉన్న శిల్పాన్ని ఇష్టమైనవారు వెళ్లి చూస్తారు. ఇష్టం లేనివారు వెళ్లరు. ధనికుని ఇంటిలోని శిల్పం అతని సొంతం. వీధిలోనో, ఉద్యానవనంలోనో, సముద్రతీరంలోనో నిలిపిన శిల్పం సంగతి వేరు. దానిని చూడటానికి టిక్కెట్టు అక్కరలేదు. చదువుకున్నవారు, చదువురానివారు, కూలీలు, అధికారులు, పిల్లలు, ముసలివారు అందరూ దాన్ని చూస్తారు. అది నిలిచిన నేల అందరిది. అందువల్ల దీనిని బహిరంగ శిల్పం అంటారు.

చెన్నై మెరీనా తీరంలో బండరాతిని కదిలించడానికి నలుగురు శ్రామికులు తమ బలమంతా ఉపయోగిస్తున్న శిల్పం ఉన్నది. దానిని 'శ్రమ విజయం' అని చెప్పుకోవచ్చు. మద్రాసు చిత్రకళా పాఠశాలకు చాలాకాలం అధిపతిగా ఉన్న దేవీప్రసాద్ రాయ్ చౌదరి దాన్ని రూపొందించారు. 1959లో అది అక్కడ నెలకొన్నది. అందులో రాజు లేడు, నాయకుడు లేడు. చెమటోడ్చే మామూలు మనుషులు ఉన్నారు. సాయంకాలం గాలి కోసం తీరానికి వచ్చిన ప్రతివారికీ అది కనబడుతుంది. బహిరంగ శిల్పానికి ఉన్న శక్తి ఇదే. ఒక్కసారి నిలిపితే తరతరాల వారితో అది మాట్లాడుతూనే ఉంటుంది.

అమరావతి దాతలు

పూర్వం రాజులు, సామంతులు శిల్పాలు చెక్కించేవారు. కర్ణాటకలోని శ్రవణబెళగొళలో గోమటేశ్వరుని మహావిగ్రహాన్ని గంగరాజుల మంత్రి చావుండరాయడు చెక్కించాడు. అది ఒకే పోషకుని దానం. అయితే గొప్ప శిల్పాలన్నీ గొప్పవారి ధనంతోనే వెలిశాయి అనుకోవడం పొరపాటు.

కృష్ణాతీరంలోని అమరావతి స్తూపాన్ని గమనించండి. అక్కడి పాలరాతి వంటి సున్నపురాతి ఫలకాల మీద బ్రాహ్మీ లిపిలో, ప్రాకృత భాషలో చిన్న చిన్న శాసనాలు ఉన్నాయి. ఏ ఫలకాన్ని ఎవరు ఇచ్చారో అవి చెబుతాయి. దాతలలో గృహస్థులు ఉన్నారు, వర్తకులు ఉన్నారు, భిక్షువులు, భిక్షుణులు ఉన్నారు. స్త్రీలు తమ పేరిట ఇచ్చిన దానాలు అనేకం. పూర్ణఘటం చెక్కిన ఒక ఫలకాన్ని విధికుడు అనే చర్మకారుడు తన కుటుంబంతో కలిసి సమర్పించాడు. తోలుపని చేసి బతికే ఒక మనిషి ఇచ్చిన రాయి ఈనాటికీ అతని పేరు చెబుతున్నది. పూర్ణఘటమే నేటి ఆంధ్రప్రదేశ్ రాజచిహ్నంలోనూ కనిపిస్తుంది.

మహారాష్ట్రలోని కార్లే గుహలోనూ ఇదే పద్ధతి. అక్కడ స్తంభాలను ఒక్కొక్కటిగా వేర్వేరు దాతలు ఇచ్చారు. ఒక్కరు మోయలేని వ్యయాన్ని పదిమంది పంచుకున్నారు. ఇచ్చిన ప్రతివారికీ ఆ కట్టడంలో ఒక భాగం తనది అనే భావం కలిగింది. అమరావతి శిల్పాలలో చాలా భాగం చెన్నై ఎగ్మోరులోని ప్రభుత్వ ప్రదర్శనశాలలో ఉన్నది. తమిళనాడులో చదువుతున్న విద్యార్థులు వీలైనప్పుడు తప్పక చూడాలి.

గ్రాంటు అంటే ఏమిటి?

నేడు బహిరంగ శిల్పాలకు ధనం సమకూర్చే మార్గాలలో గ్రాంటు ముఖ్యమైనది. గ్రాంటు అంటే ఒక నిర్ణీతమైన పనికోసం ప్రభుత్వమో, ఒక సంస్థయో తిరిగి చెల్లించనక్కరలేకుండా ఇచ్చే ధనం. అప్పు తీర్చాలి. దానం ఇచ్చినవారు సాధారణంగా లెక్క అడగరు. గ్రాంటును తీర్చనక్కరలేదు కాని లెక్క చెప్పాలి. ఏ పనికి తీసుకున్నారో ఆ పనికే ఖర్చు చేయాలి.

గ్రాంటు కోరేవారు మొదట దరఖాస్తు పెట్టాలి. శిల్పం ఎక్కడ నిలపాలి, ఆ స్థలం ఎవరిది, ఎందుకు నిలపాలి, ఎంత ఖర్చవుతుంది అనే వివరాలు అందులో ఉండాలి. పిమ్మట ఒక ఎంపిక సంఘం శిల్పులు తయారుచేసిన చిన్న నమూనాలను పరిశీలిస్తుంది. ఎంపికైన శిల్పికి పని సాగే కొద్దీ వాయిదాల మీద డబ్బు అందుతుంది. చివరకు లెక్కలు అప్పగించాలి.

కొన్ని సంస్థలు మొత్తం ఖర్చు భరించవు. "మా వంతు ఇంత ఇస్తాము, మిగిలినది మీ ఊరివారు కూడబెట్టండి" అంటాయి. దీనిని మ్యాచింగ్ గ్రాంటు అంటారు. పిసినారితనం వల్ల ఈ షరతు పెట్టలేదు. ఊరివారు తమ జేబులోనుంచి కొంత తీయాలంటే ఆ శిల్పం నిజంగా వారికి కావలసినదై ఉండాలి కదా!

శిల్పం చెక్కినంత మాత్రాన ఖర్చు తీరదు. శిల్పి ప్రతిఫలంతో పాటు రాయి లేక లోహం వెల, రవాణా, పునాది, పీఠం, దీపాలు, ఆపై ఏటేటా శుభ్రం చేసే ఖర్చు కూడా అంచనాలో చేర్చాలి. హైదరాబాదు హుస్సేన్ సాగరంలోని బుద్ధవిగ్రహం కథ అందరికీ తెలిసినదే. 1990 మార్చి 10న ఆ ఏకశిలా విగ్రహాన్ని పడవ మీద తరలిస్తుండగా అది నీటిలో మునిగింది. పలువురు ప్రాణాలు కోల్పోయారు. 1992 డిసెంబరులో కాని దానిని పైకి తీసి నిలపడం సాధ్యం కాలేదు. శిల్పం ఎంత ముఖ్యమో దాన్ని చేర్చే దారీ అంత ముఖ్యమని ఆ దుర్ఘటన నేర్పింది.

నగరం గుర్తుగా మారిన శిల్పం

గ్రాంటు పద్ధతి బాగా ఫలించిన ఉదాహరణ ఒకటి అమెరికాలో ఉన్నది. ఆ దేశపు ప్రభుత్వం కళలకు సహాయం చేయడానికి 1965లో ఒక జాతీయ సంస్థను స్థాపించింది. దాని పేరు 'నేషనల్ ఎండోమెంట్ ఫర్ ది ఆర్ట్స్'. 1967లో ఆ సంస్థ బహిరంగ ప్రదేశాలలో కళాకృతులు నిలపడానికి ఒక పథకం ప్రారంభించింది.

మిషిగన్ రాష్ట్రంలో గ్రాండ్ రాపిడ్స్ అనే నగరం ఉన్నది. 1960 తరువాత ఆ నగరం నడిబొడ్డున పాత భవనాలు పడగొట్టి కొత్త కార్యాలయాలు కట్టారు. వాటి ముందు విశాలమైన ఖాళీ స్థలం ఏర్పడింది. అక్కడ ఒక శిల్పం ఉండాలని ఊరివారిలో కొందరు తలపెట్టి జాతీయ సంస్థకు దరఖాస్తు చేశారు. సంస్థ 45,000 డాలర్ల గ్రాంటు మంజూరు చేసింది. మొత్తం ఖర్చు సుమారు 1,28,000 డాలర్లు. మిగిలిన ధనాన్ని స్థానిక సంస్థలు, పౌరులు సమకూర్చారు.

అలెగ్జాండర్ కాల్డర్ అనే ప్రసిద్ధ శిల్పి ఆ పనికి ఎంపికైనాడు. ఉక్కు రేకులతో అతడు రూపొందించిన శిల్పం ఎత్తు 43 అడుగులు, బరువు 42 టన్నులు. దానికి మెరిసే ఎర్రరంగు వేశారు. అది ఫ్రాన్సులో తయారై, భాగాలుగా ఓడలో వచ్చి, 1969 జూన్‌లో ఆవిష్కరణ జరుపుకున్నది. దాని పేరు 'లా గ్రాండ్ వితెస్'. ఫ్రెంచి భాషలో 'మహావేగం' అని అర్థం. నగరం పేరుకు, అంటే పెద్ద నదీవేగాలకు, అది చమత్కారమైన అనువాదం.

మొదట అందరూ మెచ్చుకోలేదు. అందులో మనిషి లేడు, గుర్రం లేదు, ఇదేమి శిల్పమని వెక్కిరించినవారు ఉన్నారు. కాని డబ్బు కూడబెట్టినవారు ఊరివారు. ఎందుకు తెచ్చారో తోటివారికి చెప్పగలిగినవారూ వారే. 1970 నుంచి ఆ శిల్పం చుట్టూ ఏటా కళోత్సవం జరపడం ఆరంభించారు. కాలక్రమాన నగరపాలక సంస్థ ఆ శిల్పపు రూపాన్నే తన గుర్తుగా స్వీకరించింది. వెక్కిరింతకు గురైన బొమ్మ ఊరి ముద్ర అయింది.

అడ్డుగోడ అయిన శిల్పం

దీనికి భిన్నమైన కథ న్యూయార్క్ నగరంలో జరిగింది. అమెరికా ప్రభుత్వం తన భవనాలు కట్టేటప్పుడు నిర్మాణ వ్యయంలో అర శాతం కళాకృతులకు కేటాయించే పద్ధతి ఉన్నది. ఇది ఊరివారు కోరి తెచ్చుకునే గ్రాంటు వంటిది కాదు. ప్రభుత్వ శాఖయే శిల్పిని నియమిస్తుంది.

ఆ పద్ధతిలో, కళానిపుణుల సలహా మీద రిచర్డ్ సెరా అనే శిల్పికి పని అప్పగించారు. 1981లో ప్రభుత్వ కార్యాలయాల ముందున్న ఆవరణలో అతడు 120 అడుగుల పొడవు, 12 అడుగుల ఎత్తు గల ఉక్కు పలకను వంపుగా నిలిపాడు. దానికి 1,75,000 డాలర్లు ఖర్చయింది. 'టిల్టెడ్ ఆర్క్', అంటే 'ఒరిగిన వంపు' అని దాని పేరు. సెరా గొప్ప శిల్పి అనడంలో సందేహం లేదు. నడిచేవారు తమ కదలికను, తమ చుట్టూ ఉన్న స్థలాన్ని కొత్తగా గమనించాలని అతని ఉద్దేశం.

అయితే ఆ ఆవరణలో రోజూ తిరిగే ఉద్యోగులకు అది దారికి అడ్డంగా నిలిచిన తుప్పు గోడగా కనిపించింది. దానిని తీసివేయాలని వందలమంది సంతకాలు చేశారు. 1985లో బహిరంగ విచారణ జరిగింది. 180 మంది మాట్లాడారు. వారిలో 122 మంది శిల్పం ఉండాలన్నారు, 58 మంది వద్దన్నారు. అయినా విచారణ సంఘం తొలగించాలనే నిర్ణయించింది. ఆ చోటు కోసమే చేసిన శిల్పాన్ని అక్కడినుంచి కదిలిస్తే అది నశించినట్లేనని సెరా వాదించాడు. న్యాయస్థానానికి వెళ్లినా ఫలితం లేకపోయింది. 1989 మార్చి 15 రాత్రి కార్మికులు దానిని కోసి తీసుకుపోయారు.

ఇందులో తప్పు ఎవరిది? ఈ ప్రశ్నకు సులభమైన జవాబు లేదు. నచ్చలేదని శిల్పాలను తొలగిస్తూ పోతే కొత్త ఆలోచనకు చోటే ఉండదు. అట్లాగని అక్కడ రోజూ నడిచేవారి మాట వినకుండా శిల్పాన్ని నిలిపితే అది వారికి పరాయిదే అవుతుంది. ఒక్క విషయం మాత్రం స్పష్టం. అడగవలసిన మాటను ముందు అడగలేదు. శిల్పం నిలిపిన నాలుగేళ్లకు జరిగిన విచారణ నిలపకముందే జరిగి ఉంటే కథ మరోవిధంగా ఉండేది. ఈ వివాదం తరువాత ఆ ప్రభుత్వ శాఖ తన పద్ధతిని మార్చుకొని, స్థానికులకు ఎంపికలో ఎక్కువ పాత్ర కల్పించింది.

అడవిలో శిల్పాలు

శిల్పాలు నగరాలకే పరిమితం కానక్కరలేదు. ఇంగ్లండు వాయవ్య భాగంలో సరస్సుల ప్రాంతం ఉన్నది. అక్కడి గ్రైజ్‌డేల్ అడవిలో 1977లో ఒక శిల్పమార్గం ఆరంభమైంది. ఆ ప్రాంతపు కళాసంఘం గ్రాంటు ఇచ్చింది. అటవీశాఖ స్థలం, కలప ఇచ్చింది. స్థానిక సంఘం నిర్వహణ చూసుకున్నది.

ఇక్కడ గ్రాంటును ఒక పెద్ద విగ్రహం కొనడానికి వాడలేదు. శిల్పులను ఆహ్వానించి, వారు కొన్ని నెలలపాటు అక్కడే నివసించి పని చేయడానికి వాడారు. శిల్పులు అడవిలో దొరికే కలపతోను, రాళ్లతోను శిల్పాలు చేశారు. 1990లో ఆండీ గోల్డ్స్‌వర్తీ అనే శిల్పి ఒక రాతిగోడను చెట్ల నడుమ పాములాగా మెలికలు తిప్పాడు. సున్నం వాడకుండా రాయి మీద రాయి పేర్చే ఆ గోడపని అక్కడి రైతులకు తరతరాలుగా తెలిసినదే. గ్రామీణుల చేతిపనే శిల్పం అయింది. కలపతో చేసినవి కొంతకాలానికి చివికి మళ్లీ మట్టిలో కలిసేవి. వాటి స్థానంలో కొత్తవి వచ్చేవి.

దీనివల్ల తెలిసేది ఏమిటి? పల్లెకు తగిన శిల్పం పట్నపు శిల్పానికి చిన్న నకలు కానక్కరలేదు. పల్లెలో దొరికే రాయి, పల్లెకు తెలిసిన పనితనం, పల్లెవారి కథ ఉంటే తక్కువ డబ్బుతోనే మంచి శిల్పం వెలుస్తుంది.

మన దేశంలో

స్వాతంత్ర్యం వచ్చిన తరువాత మన దేశంలోనూ ఇటువంటి ఆలోచనలు సాగాయి. ప్రభుత్వ భవనాల నిర్మాణం ద్వారా భారతీయ కళాకారులకు పని కల్పించాలని ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ సూచించారు. ఆ భావానికి ఫలితంగానే ఢిల్లీలోని రిజర్వు బ్యాంకు ద్వారానికి ఇరువైపులా యక్షుడు, యక్షి విగ్రహాలు నిలిచాయి. శాంతినికేతనానికి చెందిన రామ్‌కింకర్ బైజ్ వాటిని చెక్కారు. 1967లో అవి పూర్తి అయినాయి. 1954లో స్థాపించిన లలితకళా అకాడమీ చిత్రకారులకు, శిల్పులకు తోడ్పడుతున్నది. దాని ప్రాంతీయ కేంద్రాలు చెన్నైలోను, భువనేశ్వర్‌లోను కూడా ఉన్నాయి. 2013లో వచ్చిన కంపెనీల చట్టం ప్రకారం నిర్ణీత పరిమాణాన్ని మించిన కంపెనీలు సగటు నికరలాభంలో కనీసం 2 శాతం సమాజహితానికి వెచ్చించాలి. ఆ హితకార్యాలలో కళా సంస్కృతుల రక్షణ కూడా ఒకటి.

డబ్బు ఉన్నంత మాత్రాన ఎక్కడబడితే అక్కడ విగ్రహం నిలపడానికి వీలులేదు. రోడ్ల మీద, కాలిబాటల మీద, ప్రజల వాడుకకు ఉద్దేశించిన స్థలాలలో విగ్రహాలకు అనుమతి ఇవ్వరాదని 2013 జనవరి 18న సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. దారి నడిచేవారి హక్కు శిల్పం పేరిట పోకూడదు కదా!

శిల్పాలకు వెచ్చించే ధనం రాతిలో కలిసిపోదు. అది పనివారి కూలిగా కూడా మారుతుంది. తమిళనాడులోని మహాబలిపురం, కర్ణాటక కోలారు జిల్లాలోని శివారపట్నం, ఆంధ్రప్రదేశ్‌లోని ఆళ్లగడ్డ, దుర్గి వంటి చోట్ల రాతిపని మీదనే ఎన్నో కుటుంబాలు బతుకుతున్నాయి. మంచి పని దొరికితేనే వారి పిల్లలు ఉలి పట్టడం నేర్చుకుంటారు. పని దొరకకపోతే ఆ విద్య ఒక తరంతో ఆగిపోతుంది.

శిల్పమా? బడి కప్పా?

బడికి కప్పు సరిగా లేనప్పుడు, మంచినీళ్లకు కొళాయి లేనప్పుడు, శిల్పానికి ప్రజల సొమ్ము ఖర్చు చేయవచ్చునా? ఇది న్యాయమైన ప్రశ్న. దీనిని అడిగినవారిని కళాద్వేషులు అనకూడదు. కప్పు కోసం ఉంచిన డబ్బును శిల్పానికి మళ్లించడం ముమ్మాటికీ తప్పు. పీఠం మీద తన పేరు పెద్ద అక్షరాలతో వేయించుకోవడానికే కొందరు విగ్రహాలకు ధనం ఇస్తారు. అదీ ప్రజాహితం కాదు.

మరి కళకోసమే కేటాయించిన నిధి ఉన్నప్పుడు మన ఊరు దాన్ని అడగకుండా ఊరుకోవాలా? బడి, కొళాయి మనిషి బతకడానికి కావాలి. నేను ఈ ఊరివాణ్ణి, ఈ ఊరు నాది అనుకోవడానికి కూడా ఏదో ఒక ఆధారం కావాలి. పుట్టిన గడ్డకు దూరంగా, తరతరాలుగా మరొక భాషా ప్రాంతంలో స్థిరపడిన మనవంటివారికి ఈ మాట బాగా అర్థమవుతుంది. పలు భాషలవారు కలిసి బతికే ఊరి కూడలిలో ఒకే శిల్పం నిలిచినప్పుడు, దానిని అందరూ తమది అనుకోగలిగితే, ఆ ఊరి ఐకమత్యానికి అది తోడ్పడుతుంది. ఒక వర్గం మరొక వర్గం మీద గెలిచినట్లు నిలిపితే అదే కలహానికి మూలమవుతుంది.

కాబట్టి మీ ఊరిలో శిల్పం నిలపాలనే మాట వచ్చినప్పుడు పెద్దలను కొన్ని ప్రశ్నలు అడగండి. డబ్బు ఎవరు ఇస్తున్నారు? ఏ పనికి ఉంచిన డబ్బు అది? ఆ చోట రోజూ తిరిగేవారిని అడిగారా? శిల్పిని ఎట్లా ఎంచుకున్నారు? ఎండకు, వానకు, కాకులకు వదిలివేయకుండా పదేళ్ల తరువాత దాన్ని శుభ్రం చేసేది ఎవరు? వీటికి సరైన జవాబులు ఉంటే మీ వంతు ఒక రూపాయి ఇవ్వండి. లేకపోతే జవాబులు వచ్చేవరకు అడుగుతూ ఉండండి.

విధికుడు ఇచ్చినది ఒక్క ఫలకమే. ఆ స్తూపాన్ని తలపెట్టినవారు అతని వంతును కూడా స్వీకరించి, అతని పేరు చెక్కించారు. నలుగురి సొమ్ముతో, నలుగురి సమ్మతితో నిలిచిన శిల్పమే నలుగురిదీ అవుతుంది.